బరంపురంలో బల్గారుల యుద్ధాలు

చరిత్ర చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఈమధ్య మా ఇంటికొచ్చి, అనుభవజ్ఞులు కదా, రెండు ముక్కలు చెప్పమన్నారు. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ పదవి ఎప్పుడొచ్చింది అన్నవి చెబితే వాళ్లకు నిద్రొస్తుంది, నాకు అంతకంటే ముందే వస్తుంది. అందుకని బల్గారుల సంగతి రాస్తున్నాను. నా ఉద్యోగం అంటే అసలు అదే.

బల్గారులెవరో మీకు తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన రోజున నాకూ తెలియదు. యూరప్‌లో డాన్యూబ్ అనే పెద్ద నది ఉంది. దానికి దక్షిణాన, వెయ్యేళ్లకు పైమాటే, గుర్రాల మీద వచ్చి రాజ్యం కట్టుకున్నవాళ్లు వీళ్లు. వీళ్ల పక్కింటివాళ్లు తూర్పు రోమన్లు. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా బైజాంటియం అనే సామ్రాజ్యం వాళ్లది. ఈ ఇద్దరూ వందల ఏళ్ల పాటు కొట్టుకున్నారు. ఆ కొట్లాటలన్నీ నేను బరంపురంలో, మేమింకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, మళ్లీ మొదట్నుంచి చేయించాను.

నెపోలియన్ ఆయనది, మిగిలింది నాది

మా ప్రిన్సిపాల్ గారు గోదావరి వైపు మనిషి. చరిత్రే ఆయన సబ్జెక్టు. ఫ్రెంచి విప్లవం, నెపోలియన్ ఆయన దగ్గరే ఉండేవి. ఇంటి పెద్దకోడలు ఆవకాయ జాడీని ఇంకొకరి చేతికివ్వనట్టు, ఆ రెంటినీ ఎవరికీ ఇచ్చేవారు కారు. కొత్తగా చేరిన నాకు మధ్యయుగాల తూర్పు యూరప్ ఇచ్చారు. పరీక్షలో దాని మీద ఒక్క ప్రశ్న వస్తుందని, ఆ ప్రశ్న వదిలేసినా పాసవ్వచ్చని, అందుకే దాన్ని చెప్పే మేష్టర్లు వారంలో ముగించేస్తారని చెప్పి, నా భుజం తట్టారు.

నేనూ వారంలో ముగించేద్దామనే లైబ్రరీకి వెళ్లాను. నోట్సు రాసుకుందామని ఒక లావుపాటి పుస్తకం తెరిచాను. సాయంత్రం లైబ్రరీ మూసేవేళకి ప్యూను వచ్చి, నేను లేవకపోతే కుర్చీతో సహా బయట పెడతానన్నాడు. ఇంటికి నడుస్తూ క్రుమ్, తెర్వెల్, కార్దామ్ అని బల్గారు రాజుల పేర్లు పైకి అనుకుంటూ పోయాను. ఎదురొచ్చిన ఒక ముసలావిడ నేనేదో మంత్రం చదువుతున్నాననుకుని దారిచ్చి పక్కకు నిలబడింది. నాకు పాతికేళ్లు. అంతటి సంతోషం అప్పటిదాకా నాకు ఏ చదువులోనూ కలగలేదు.

మొదటి రోజు ఆ సంతోషాన్నంతా నోట్సుగా చెప్పి రాయించాను. క్లాసు నిద్రపోయింది. రెండో రోజు కాగితాలు బల్ల మీద బోర్లించి, కథ చెప్పాను.

నికెఫోరస్ అనే రోమన్ చక్రవర్తి పెద్ద సైన్యంతో వెళ్లి, బల్గారుల రాజు క్రుమ్ కట్టుకున్న రాజధానిని తగలబెట్టాడు. క్రుమ్ కబురు పంపాడు: నువ్వే గెలిచావు, కావలసింది తీసుకుని వెళ్లిపో అని. చక్రవర్తి వినలేదు. ఇంకా కొల్లగొట్టి, తీరిగ్గా కొండల దారిన తిరుగుముఖం పట్టాడు. ఆ కనుమకి రెండువైపులా క్రుమ్ దుంగలతో గోడలు కట్టించేశాడు. మనకి రెక్కలొస్తే తప్ప ఇక్కణ్ణుంచి బయటపడలేం అని చక్రవర్తి తనవాళ్లతో అన్నాడట. బయటపడలేదు. క్రుమ్ ఆ చక్రవర్తి పుర్రెకి వెండి తాపడం చేయించి, విందుల్లో దాంతో తాగాడు.

గంట కొట్టారు. ఒక్కడూ లేవలేదు. వెనక బెంచీలో కూర్మనాథం అని బడా బజార్ బెల్లం వర్తకుల అబ్బాయి. ఏడాది మొదట్నుంచీ నోరు విప్పనివాడు. వాడు లేచి నిలబడ్డాడు.

“సార్, ఆ పుర్రెలో ఏటి తాగీవోరు?”

ద్రాక్షసారా అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

పుర్రె బజారుకెక్కింది

మా నాన్నకి బడా బజార్లో పట్టుచీరల కొట్టు. మర్నాడు పొద్దున్న నేను కొట్లో అడుగుపెట్టేసరికి, గజంబద్ద చేత్తో పట్టుకుని నాకోసమే చూస్తున్నాడు.

“ఏటిరా, కాలేజీలో కుర్రగుంటలకి పుర్రెల్లో సారా తాగడం నేర్పతన్నావంట?”

బజారంతా అదే మాటట. నేను మొత్తం కథ మళ్లీ చెప్పాల్సొచ్చింది. చీర కొనడానికి వచ్చినవాళ్లు చీర మీద చెయ్యి అలాగే ఉంచి విన్నారు. పక్కకొట్టు గుమాస్తా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అంతా విని నాన్న గజంబద్ద కిందపెట్టాడు.

“అవతలోడు తీసుకుపో అన్నప్పుడు తీసుకుని ఎల్లిపోవాల. సరుకు సేతికొచ్చినాక బేరం సాగదీసినోడు ఎక్కడా బాగుపడ్నేదు,” అన్నాడు.

నేను చదివిన లావుపాటి పుస్తకం ఇదే మాటని ఇరవై పేజీల్లో చెప్పింది. అప్పట్నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఏ పాఠమైనా ముందు కొట్లో చెప్పేవాణ్ణి. బేరానికొచ్చినవాళ్లు బేరం మర్చిపోతే ఆ పాఠం తయారైనట్టు. ‘ఈ చీరెంత’ అని మధ్యలో అడిగితే, ఇంటికెళ్లి మళ్లీ చదువుకునేవాణ్ణి. మీకు పట్టుచీరల కొట్టు లేకపోవచ్చు. వినడం తప్పనిసరి కాని మనిషిని ఒకణ్ణి వెతుక్కోండి. క్లాసులో కుర్రాళ్లు హాజరు కోసం కూర్చుంటారు. వాళ్ల మౌనాన్ని నమ్మకండి.

చక్రవర్తి గారి కాలినొప్పి

బల్గారులు మొదట డాన్యూబ్ నది సముద్రంలో కలిసేచోట, బురదనేలల మధ్య దిగారు. ఆ చోటు ఎలా ఉంటుందో చూపించాలని నాకు పట్టుకుంది. డాన్యూబ్ చూపించలేను కనక, మా జిల్లాలో సముద్రంలో కలిసే ఋషికుల్య నది చూపిద్దామనుకున్నాను. రైల్లో గంజాం దాకా, అక్కణ్ణుంచి ఎడ్లబళ్ల మీద పొడంపేట దగ్గరి ఇసుకతిన్నెలకి క్లాసుని తీసుకెళ్లాను. పులిహోర గిన్నెలు ఒక బండిలో, మోకాళ్ల నొప్పితో ప్రిన్సిపాల్ గారు ఇంకో బండిలో. ఈ బల్గారుల పిచ్చి ఎంతదాకా వచ్చిందో కళ్లారా చూద్దామని ఆయన వచ్చారు.

నదీ సముద్రం కలిసేచోట నిలబడి చెప్పాను. రోమన్ చక్రవర్తి సైన్యంతో వచ్చి ఈ బురదనేల ముందు దిగాడు. లోపలికి పోవడానికి దారిలేదు, ఎదురుచూస్తున్నాడు. ఇంతలో ఆయనకి కాళ్లవాతం పట్టుకుంది. వేడినీళ్ల స్నానాలకని కొందర్ని వెంటబెట్టుకుని పడవెక్కి వెళ్లాడు. ఎందుకెళ్లాడో సైన్యానికి సరిగ్గా తెలియలేదు. రాజు పారిపోయాడని ఒకడన్నాడు. అంతే, సైన్యమంతా పరుగు. బురదలోంచి బల్గారులు బయటికొచ్చి తరిమికొట్టారు. ఆ విధంగా ఒక రాజ్యం పుట్టింది.

నేనింకా ‘పుట్టింది’ అంటూనే ఉన్నాను. ఎండ పడక ప్రిన్సిపాల్ గారు మాటా పలుకూ లేకుండా లేచి, కర్ర పట్టుకుని బండివైపు నడిచారు. వెనక వరసవాళ్లు చూశారు. అయిపోయిందనుకుని లేచారు. వాళ్లను చూసి ముందువరస లేచింది. బళ్లు వెళ్లిపోతున్నాయని ఎవడో అన్నాడు. రెండు నిమిషాల్లో క్లాసంతా ఇసుకలో పంచెలు పైకెత్తి పరుగు. ప్రిన్సిపాల్ గారు వెనక్కి తిరిగి, తనమీదికి వస్తున్న ఆ మందను చూసి, భయపడి ఆయనా పరుగెత్తారు. మోకాళ్లు ఆరోజు ఆయన మాట విన్నాయి.

తీరంలో నేనూ, పులిహోరా, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి జాలరీ మిగిలాం. అతను మొదట్నుంచీ వింటున్నాడు.

“కాల్నొప్పని సెప్పేసి ఎల్తే సరిపోను గదా బాబూ,” అన్నాడు.

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అతనికి పులిహోర పెట్టాను. ప్రిన్సిపాల్ గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున పిలిచి, ఆ చక్రవర్తికి వేడినీళ్లతో కాళ్లు తగ్గాయా అని అడిగారు. పుస్తకంలో లేదన్నాను. నిరాశపడ్డారు. ఆయన నాకు బాగా నచ్చింది ఆరోజునే.

రెండు వైపుల బెంచీలు

ఆ తర్వాత రోజులు మారాయి. ఒడియా మాట్లాడే జిల్లాలన్నీ కలిపి కొత్త రాష్ట్రం కడతారని, సరిహద్దు తేల్చడానికి కమిటీ వస్తుందని వార్త. గంజాం ఎటు? బరంపురం ఎటు? మా ఊళ్లో తెలుగువాడికి ఒడియా వచ్చు, ఒడియావాడికి తెలుగు వచ్చు. రెండు భాషలూ కలిపి తిట్టుకునేవాళ్లం. అలాంటి ఊళ్లో సభలు, ఊరేగింపులు మొదలయ్యాయి. కొట్ల పేరుబోర్డుల మీద తారు పూశారు, ఈ రాత్రి వీళ్లవి, మర్నాడు వాళ్లవి.

నా క్లాసు రెండుగా చీలింది. కుడివైపు బెంచీలు తెలుగు, ఎడమవైపు ఒడియా. కుడివైపు వాళ్లకి పెద్ద, కూర్మనాథం. వాడు ఒకరోజు ప్రకటించాడు, మేం బల్గారులమని. క్రుమ్ గెలిచాడు కదా, అందుకు. ఎడమవైపు వాళ్లకి పెద్ద, లోకనాథ్ పాఢీ. దిగపహండి దగ్గర భూములున్న బ్రాహ్మణ కుటుంబం. వాడు ఊరుకుంటాడా, అలాగైతే మేం రోమన్లం అన్నాడు.

ఇక చూడండి నా వైభవం. పాఠం అంటే పారిపోయే కుర్రాళ్లు ముందుగానే వచ్చి కూర్చునేవారు. బల్గారులు ఒక యుద్ధం గెలిస్తే కుడివైపు పకోడీలు పంచుకునేవారు. ఎడమవైపు వాటి వాసన కూడా చూడనట్టు కూర్చునేవారు. సిమియోన్ అని ఒక బల్గారు రాజు ఉన్నాడు. కాన్‌స్టాంటినోపుల్లో చదువుకుని, రోమన్ల భాషైన గ్రీకుని వాళ్లకంటే బాగా మాట్లాడి, ఇంటికొచ్చి వాళ్లనే చితక్కొట్టాడు. ఆయన మావాడంటే మావాడని ఇటూ అటూ గంట వాదించుకున్నారు. నేను గాల్లో తేలుతున్నాను. తూర్పు యూరప్ చరిత్రకి ఇంత గిరాకీ లండన్లో కూడా ఉండదనుకున్నాను.

తర్వాత ఒక ఊరేగింపులో రాళ్లు పడ్డాయి. లోకనాథ్ నుదుటికి కట్టుతో క్లాసుకొచ్చాడు. రాయి కూర్మనాథం వేశాడని కొందరు, కాదని కొందరు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు.

“మీ బల్గారుల్ని ఇవాళ్టితో ఆపండి. మళ్లీ కొట్లాట జరిగితే ఆ ఇద్దర్నీ కాలేజీ నుంచి పంపించేస్తాను. మీ పాఠం వల్ల వాళ్ల చదువు పోవడం మీకిష్టమా?”

ఇష్టం లేదు. కానీ నేను ఆపాల్సిన చోటు మరీ చెడ్డ చోటు. రోమన్లు వరసగా ఓడిన చోట ఆపితే, ఎడమవైపు బెంచీలు ఆ ఓటమిని వీధిలోకి మోసుకెళ్తాయి. ఒక్క రోజు ఇవ్వమని అడిగాను. వద్దంటూనే ఇచ్చారు. ఆయన పద్ధతే అంత. గదిలో కూర్చుని వద్దనేవారు, గుమ్మం దాకా సాగనంపుతూ సరేననేవారు. అలాంటి పైఅధికారి దొరికితే గుమ్మం దాకా నడిపించండి.

గెలుపు వద్దన్న రోజు

ఆరోజు చెప్పింది బాసిల్ చక్రవర్తి కథ. రోమన్లు తిరిగి లేచిన కాలం. బాసిల్ ఏళ్ల తరబడి బల్గారులతో యుద్ధం చేశాడు. ఒక కనుమలో వాళ్ల సైన్యాన్ని వెనకనుంచి చుట్టుముట్టి, వేలమందిని పట్టుకున్నాడు. ఎడమవైపు బెంచీలు ముందుకి వంగాయి. ఇన్నాళ్లకి వాళ్ల రోజొచ్చింది. పకోడీల పొట్లం వాళ్లూ తెచ్చుకున్నారు.

మిగతాది మెల్లగా చెప్పాను. పట్టుకున్న వాళ్లందరి కళ్లూ పొడిపించాడు. దారి చూపించడానికి నూటికొకడికి ఒక కన్ను ఉంచాడు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఇంటికి నడవమన్నాడు. వాళ్ల రాజు సామ్యూల్ ఎదురొచ్చి, తన సైన్యం అలా నడిచి రావడం చూసి కుప్పకూలాడు. మళ్లీ లేవలేదు.

పొట్లం విప్పలేదు ఎవరూ. నుదుటి కట్టుతో లోకనాథ్ లేచాడు. వాడు నాతో ఎప్పుడూ ఒడియా మర్యాదతో ‘ఆజ్ఞా’ అని మొదలుపెట్టేవాడు.

“ఆజ్ఞా, ఈ గెలుపు మాకొద్దండి. మాది కాదని రాసుకోండి.”

కూర్మనాథం వాడివైపు చూశాడు. తర్వాత నావైపు తిరిగి అడిగాడు.

“ఆళ్లెప్పుడూ సంది సేసుకోనేదా సార్?”

ఒట్లు మార్చుకోవడం

చేసుకున్నారు. చిన్న విషయమని అంతకుముందు నేను చెప్పకుండా దాటేసిన సంగతి అది.

క్రుమ్ కొడుకు ఒముర్తాగ్, రోమన్ చక్రవర్తి లియో కలిసి, ముప్ఫై ఏళ్లు యుద్ధం వద్దని ఒప్పందం చేసుకున్నారు. ఒట్టు వెయ్యాలి. ఎవరి దేవుడి మీద? బల్గారులింకా పాత దేవుళ్లని కొలిచేవాళ్లు, రోమన్లు క్రైస్తవులు. ఎవరి ఒట్టు వాళ్లు వేస్తే రెండోవాడికి నమ్మకం లేదు. అందుకని మార్చుకున్నారు. రోమన్ చక్రవర్తి బల్గారుల పద్ధతిలో చెంబుతో నీళ్లు నేలమీద పోసి, గుర్రం జీను ముట్టుకుని, గడ్డి చేత్తో పైకెత్తి ఒట్టేశాడు. బల్గారులు క్రైస్తవుల పద్ధతిలో ఒట్టేశారు. చక్రవర్తి గడ్డి పట్టుకున్నాడని రోమన్ చరిత్రకారులు ఏడుస్తూ రాసుకున్నారు. ఒప్పందం మాత్రం నిలబడింది.

చక్రవర్తి గడ్డి పట్టుకోవడం దగ్గర మొదట ఎడమవైపు నవ్వింది, తర్వాత అంతా నవ్వారు. నవ్వు ఆగాక లోకనాథ్ ఒక మాటన్నాడు. విద్యార్థుల సంఘంలో ‘గంజాం ఎవరిది’ అన్న చర్చ జరగాల్సి ఉండగా, గొడవలకి భయపడి కాలేజీ రద్దు చేసింది. దాన్ని జరిపిద్దాం, కానీ తెలుగువాళ్ల తరఫున నేను తెలుగులో మాట్లాడతాను, మా తరఫున కూర్మనాథం ఒడియాలో మాట్లాడాలి అన్నాడు. కూర్మనాథం, నాకేటి భయం అన్నాడు.

ప్రిన్సిపాల్ గారిని నేను మళ్లీ గుమ్మం దాకా నడిపించాను.

హాలు పట్టలేదు. తెలుగు వర్తకులు, ఒడియా పెద్దలు చెరోవైపు. మా నాన్న కొట్టు మూసి వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు కర్ర ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చున్నారు, ఎవరిని ముందు కొట్టాలో చూస్తున్నట్టు.

కూర్మనాథానికి వచ్చిన ఒడియా, బేరాల్లో నేర్చుకున్నది. మొదట్లో వాడు రాష్ట్రాన్ని బెల్లం దిమ్మ అమ్మినట్టు అమ్మాడు, జనం నవ్వారు. తర్వాత గొంతు మార్చాడు. మా తాతలు మూటలు మోసుకుని ఈ ఊరొచ్చినప్పుడు, మీది ఏ భాష అని గుమ్మంలో ఎవరూ అడగలేదు, కూర్చోమన్నారు. ఇల్లెవరిదంటే వచ్చినవాడికి తలుపు తీసినవాడిది, అన్నాడు. ఒడియా పెద్దల్లో ఒకాయన పైపంచెతో ముఖం తుడుచుకున్నారు. తెలుగు వర్తకులకి ఏం చెయ్యాలో తోచలేదు.

లోకనాథ్‌కి వచ్చిన తెలుగు, పుస్తకాల్లోది కాదు, పొలాల్లోది.

“మాయమ్మ నాకు అన్నం ఒడియాలో పెట్టింది. మా పాలేరు సింహాసెలం నాకు ఈత తెలుగులో నేర్పినాడు. ఒకనాడు ఏట్లో ములిగిపోతన్నాను. అప్పుడు నానరిసింది తెలుగులోనే. పీకలమీదికొచ్చినప్పుడు నోటికొచ్చిన బాసని పరాయి బాసని నానెలాగంటాను?”

హాలు లేచింది. నేను బల్ల చరిచానో, పక్కవాడి వీపు చరిచానో గుర్తులేదు. వీపేనని పక్కవాడు తర్వాత చెప్పాడు.

తర్వాత చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టారు. ఇక్కడే అసలు తమాషా. లోకనాథ్ మావాడని ఒడియావాళ్లంతా వాడికి చేతులెత్తారు. కూర్మనాథం మావాడని తెలుగువాళ్లంతా వాడికెత్తారు. ఒడియావాళ్లు గంజాంని తెలుగువాళ్లకిచ్చేశారు, తెలుగువాళ్లు ఒడియావాళ్లకిచ్చేశారు. సంగతి ముందుగా గ్రహించింది ప్రిన్సిపాల్ గారు. ఆయన లేచి, గొంతు సవరించుకుని, “ఈ జిల్లా ఎవరికీ అక్కర్లేదని సభ తీర్మానించింది,” అన్నారు. అంతటి నవ్వు నేను ఆ హాల్లో ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

నిజం చెప్పాలి కనక చెబుతున్నాను. ఆ నవ్వు వల్ల సరిహద్దు గీత అంగుళం జరగలేదు. గొడవలు ఆ తర్వాతా జరిగాయి. చివరికి బరంపురం ఒడిశాలోకి వెళ్లింది, మద్రాసు మాకు దూరపు ఊరైపోయింది. కానీ ఆ ఏడాది నా క్లాసులో ఎవరి తలా పగల్లేదు. ఇద్దరూ చదువు పూర్తి చేశారు. మేష్టరుగా నేను లెక్క చెప్పుకోవాల్సింది అంతవరకే. చరిత్ర పాఠం దేశాన్ని మారుస్తుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. ఒక గదిని ఒక సాయంత్రం పాటు మార్చగలదు. అది నేను చూశాను, అదీ చిన్న పని కాదు.

చర్చ అయ్యాక నాన్నా నేనూ ఇంటికి నడిచాం. ఆయన దారంతా లోకనాథ్ మాటలు తలుచుకుంటూ, ఆ గుంటడు ఏం చెప్పాడ్రా అంటూ వచ్చాడు. బజారు మొగలో ఆగాడు.

“ఇంతకీ ఆ బల్గారులు, ఆ రోమన్లు, ఆకరికి ఎవులు నెగ్గినారురా?”

ఎవరూ నెగ్గలేదని చెప్పాను. ఇద్దరూ ఒకర్నొకరు నరుక్కుంటూ ఉండగా, తురుష్కులొచ్చి ముందు బల్గారుల రాజ్యం, తర్వాత కాన్‌స్టాంటినోపుల్ పట్టేసుకున్నారు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లు ఇద్దరూ ఒకే సుల్తానుకి పన్ను కట్టారు.

నాన్న నావైపు చూశాడు. మెల్లగా మొదలై, ఇక ఆపుకోలేక, మూసున్న కొట్టు అరుగు మీద కూలబడి, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. కొంతసేపటికి ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

“ఈ ముక్క ముందే సెప్పీస్తే ఇంత రబస జరిగీది కాదు గదరా?”

“ముందే సెప్పీస్తే ఎవులింటారు నాన్నా,” అన్నాను.

అదీ నిజమే అని, లేవడానికి చెయ్యి ఇమ్మన్నాడు.